బొంత మీద నీలం గీతలు పోవట్లేదు

ప్రశ్న: మనవడి కోసం పాత కాటన్ చీరలతో బొంత కుడుతున్నాను. నీళ్లతో పోయే నీలం పెన్నుతో డిజైన్ గీసి, ముడతలు పోవాలని ఇస్త్రీ చేశాను. ఇప్పుడు ఉతికినా గీతలు పోవట్లేదు, టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇస్త్రీయే కొంప ముంచిందండీ. ఆ సిరా వేడి తగిలితే బట్టకి పట్టేస్తుంది. అందుకే ముందు ఇస్త్రీ, తర్వాత గీత, కుట్టడం అయ్యాక సబ్బు లేకుండా చన్నీళ్లలో బొంత మొత్తం ముంచాలి, ఊరికే తడిచేత్తో తుడిస్తే అప్పటికి మాయమైనట్టుండి ఆరాక మళ్లీ తేలుతుంది. మీరూ రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి చూడండి, పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను. మిగిలితే ఆ గీతల మీదే ముదురు నీలం దారంతో దగ్గరదగ్గరగా రన్నింగ్ కుట్టు వేసేయండి, చక్కగా కలిసిపోతుంది.

ఇస్త్రీ వేడికి చెరిగే పెన్నులూ ఉన్నాయి. 60 డిగ్రీలకి గీత మాయమవుతుంది కానీ గడ్డకట్టే చలిలో మళ్లీ కనిపిస్తుంది, అమెరికాలో మంచు పడే ఊళ్లకి పంపే బొంతకి అవి వద్దు. నాకైతే దర్జీ సుద్దే ఇష్టం. అంచు బ్లేడుతో పలచగా చెక్కి, జానెడు గీసి, అంతవరకూ కుట్టి, మళ్లీ గీయడం. ఏది వాడినా ముందు అదే చీర ముక్క మీద గీసి, ఉతికి చూడండి.