రెండో తూటా ఎక్కడ పెట్టుకున్నావు?

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఒంటి తూటా రైఫిల్ కొన్నావని, లైసెన్సు, వేట అనుమతి రెండూ చేతికొచ్చాయని చదివి సంతోషించాను. ఆ తర్వాతి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "ఒక్కసారి పేలే తుపాకీకి ఒక్క తూటా చాలు పెదనాన్నా, మొదటి సీజన్ అలాగే వెళ్తాను" అని రాశావు. వీరుడి మాటలా ఉంది కానీ వేటగాడి మాటలా లేదు.

ఆ రైఫిల్‌కు అదనపు తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్ లేదు, అంతే. ఒక్క గుండుతోనే పని ముగించాలని అది నీచేత ఒప్పందమేమీ రాయించుకోలేదు. మొదటి గుండు తగిలి జింక పడింది, పడిన జింక మళ్ళీ లేచి నిలబడింది అనుకో. అప్పుడు నీ దగ్గర రెండో తూటా లేకపోతే నీ పంతానికి మూల్యం చెల్లించేది ఆ జింక. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ రెండో తూటా చుట్టూనే తిరుగుతుంది. ఓపికగా చదువు.

ఈ రైఫిళ్ళ చుట్టూ కొందరు ఒక భక్తి పెంచుకున్నారు. ఒకే అవకాశం ఉంటుంది కాబట్టి వేటగాడు ఓర్పు నేర్చుకుంటాడట, జంతువుకు న్యాయం జరుగుతుందట. నేను నమ్మను. 1870లలో అమెరికా మైదానాల్లో బైసన్ మందలను తుడిచిపెట్టిన వాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉన్నవి షార్ప్స్, రెమింగ్టన్ కంపెనీల ఒంటి తూటా రైఫిళ్ళే. ఒకచోట కూర్చుని, తూటా వెంట తూటా పెట్టుకుంటూ, మందలు మందలనే నేలకూల్చారు. లక్షల్లో తిరిగిన ఆ జంతువులు 1889లో లెక్క తీసేసరికి సుమారు వెయ్యి మిగిలాయి. తుపాకీ ఎవరికీ బుద్ధి చెప్పదు నాయనా. ఆ బుద్ధి నువ్వు ఇంటి నుంచే తీసుకెళ్ళాలి.

అయినా ఈ రైఫిల్ అంటే నాకు ఇష్టమే. మ్యాగజైన్ రైఫిళ్ళు వచ్చాక వీటి పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపకల్పనను వించెస్టర్ కంపెనీ 1885 మోడల్‌గా అమ్మిన కాలానికే సైన్యాలు వీటిని వదిలించుకునే పనిలో ఉన్నాయి. మళ్ళీ 1967 ప్రాంతంలో రూగర్ కంపెనీ నంబర్ వన్ పేరుతో ఇలాంటిదే తెస్తే కొనేవాళ్ళు దొరికారు. దొరకడానికి కారణం ఉంది. తూటా నింపడానికి వెనక్కీ ముందుకీ జరిపే బోల్టు అనే కడ్డీ ఇందులో లేదు, అది కదలడానికి చోటు అక్కర్లేదు కాబట్టి, అంతే పొడవు బ్యారెల్ (గుండు వెళ్ళే గొట్టం) ఉన్న బోల్ట్ రైఫిల్ కంటే ఇది సుమారు పది సెంటీమీటర్లు పొట్టిగా ఉంటుంది. పొదల్లో, ఎక్కుడు దారుల్లో ఆ తేడా భుజానికి తెలుస్తుంది. తెరిస్తే చాలు, లోపల తూటా ఉందో లేదో కంటికి కనిపిస్తుంది, బ్యారెల్‌లో మట్టీ మంచూ దూరిందేమో వెలుతురుకు పెట్టి చూసుకోవచ్చు. తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉండే గొట్టం మ్యాగజైన్‌లో మొన తేలిన గుండ్లు వాడకూడదు, వెనుక గుండు మొన ముందు తూటా అడుగును పొడిచి పేలే ప్రమాదం ఉంది. నీకు ఆ బెంగ లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ రైఫిల్‌లో లీవరు కిందికి లాగితే లోపలి ఉక్కు దిమ్మ జారుతుంది, ఖాళీ తొడుగు బయటికి వస్తుంది, కొత్త తూటా చేత్తో లోపలికి నెట్టాలి, లీవరు పైకి లేపాలి. నాలుగే పనులు. బల్ల ముందు కూర్చుంటే ఎవరైనా చేస్తారు. గుండె దడదడలాడుతూ, వేళ్ళు చలికి కొయ్యబారి, కళ్ళు జంతువు మీద నుంచి తిప్పకూడని సమయంలో ఆ నాలుగు పనులూ చేయాలంటే చేతులకు ముందే అలవాటై ఉండాలి.

అందుకు రోజూ కాసేపు పేలని డమ్మీ తూటాలతో సాధన చెయ్యి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. రైఫిల్ భుజం మీదే ఉంచు, చెంప చెక్కకు ఆనే ఉండాలి. కుడిచేత్తో లీవరు దించు. ఎడమచెయ్యి ముందు చెక్క కింద తుపాకీ బరువు మోస్తుంది. కుడిచెయ్యి తూటా కోసం ఎక్కడికి వెళ్ళాలో ఒకే ఒక్క చోటు నిర్ణయించుకో. తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, తొడిగే తూటాల పట్టీ ఉంటుంది, ముంజేతికి కట్టుకునేదీ ఉంటుంది. కొందరు పాతకాపులు ఎడమచేతి వేళ్ళ సందున తూటాలు ఇరికించుకుని కాలుస్తారు. చూడటానికి విచిత్రంగా ఉన్నా, తూటా పెట్టే చోటికి అంత దగ్గర ఇంకేదీ ఉండదు. ఏ పద్ధతైనా సరే, తూటాల మొనలన్నీ ఒకే దిక్కుకు ఉండాలి, చేతికి తగిలిన తూటా తిప్పుకోకుండానే లోపలికి పోవాలి. ప్యాంటు జేబు మాత్రం వద్దు. తాళాలు, చిల్లర, వాటి మధ్య తూటా కోసం తడుముకుంటుంటే ఆ చప్పుడుకే జంతువు పారిపోతుంది.

చూడకుండా ఐదారు సెకన్లలో మళ్ళీ గురి మీదికి రాగలిగితే నీకు మ్యాగజైన్ లేని లోటు దాదాపు తీరినట్టే. అప్పటిదాకా సీజన్ గురించి ఆలోచించకు.

ఇంకో అలవాటు కూడా ఇప్పుడే చేసుకో. కాల్చిన ప్రతిసారీ వెంటనే మళ్ళీ నింపు. జంతువు అక్కడికక్కడే కూలినా సరే. "పడింది కదా" అని ఖాళీ తుపాకీతో పరుగెత్తేవాళ్ళను చాలామందిని చూశాను. వెన్నెముక పైఅంచుకు గుండు రాసుకుపోతే జంతువు కొయ్యలా పడిపోతుంది, నిమిషంలో తేరుకుని లేచి పోతుంది. నింపు, సేఫ్టీ వెయ్యి, గురి మీదే ఉండి కాసేపు చూడు.

గురి సరిచేసుకోవడం గురించి అందరూ చెప్పేది నీకు తెలుసు, మళ్ళీ రాయను. ఈ రైఫిల్‌కు ప్రత్యేకమైన రెండు సంగతులు మాత్రం చెప్తాను. నీ తుపాకీ చెక్క రెండు ముక్కలు. ముందు ముక్క బ్యారెల్ కింద విడిగా బిగించి ఉంటుంది. దాన్ని ఎక్కడ ఆనించావు, ఎంత గట్టిగా పట్టుకున్నావు అన్నదాన్ని బట్టి గుండు తగిలే చోటు మారవచ్చు. బ్యారెల్‌ను నేరుగా కొమ్మకో బండకో ఎప్పుడూ ఆనించకు. ముందు చెక్కను, వీలైనంత లీవరు వైపుగా, మెత్తని దాని మీద ఆనించు. భుజం పట్టీని బిగలాగి కాల్చే అలవాటుంటే, ఆ పట్టీ ముందు కొక్కెం బ్యారెల్‌కే ఉందేమో చూసుకో. ఆ లాగుడుకు కూడా గురి కదులుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. గురి మైదానంలో బ్యారెల్ వేడెక్కాక పడిన మూడు నాలుగు చిల్లులు దగ్గరదగ్గరగా ఉన్నాయని మురిసిపోకు. వేటలో నువ్వు కాల్చేది చల్లని బ్యారెల్ నుంచి వచ్చే మొదటి గుండు. ఒక గురి కాగితం తీసుకో. ఒక రోజు వెళ్ళి ఒక్కటే కాల్చి, ఆ కాగితం మడిచి దాచు. మరో రోజు అదే కాగితం మీద మళ్ళీ ఒక్కటే. అలా వారాల తరబడి పోగైన చిల్లులు ఎంత మేర పరుచుకున్నాయో అదే నీ అసలు గురి. కాల్చే ముందు బ్యారెల్ లోపలి నూనె పొడిగుడ్డతో తుడిచెయ్యి, నూనె ఉంటే మొదటి గుండు దారి తప్పుతుంది. ఈ కాగితం చూస్తే చాలామందికి గర్వం దిగుతుంది. దిగడం మంచిదే.

దూరం సంగతి ఆ కాగితమే చెప్తుంది. అరచేయంత వెడల్పులో చిల్లులన్నీ పడే దూరం ఎంతో అదే నీ హద్దు, తుపాకీ హద్దుతో నీకు పని లేదు. తూటాను బట్టి కూడా లెక్క మారుతుంది. సాధారణ థర్టీ ఓ సిక్స్ (.30-06) రకం తూటాకు గురిని 200 గజాలకు సరిచేస్తే 300 గజాల దగ్గర గుండు ఎనిమిది తొమ్మిది అంగుళాలు దిగుతుంది. పాతకాలపు బరువైన ఫార్టీఫైవ్ సెవెంటీ (.45-70) గుండుకు గురిని 100 గజాలకు సరిచేస్తే 200 దగ్గరే సుమారు రెండడుగులు పడిపోతుంది. దూరం అంచనాలో చిన్న పొరపాటు జరిగినా గుండు ఊపిరితిత్తులకు బదులు కాలికి తగులుతుంది.

ట్రిగ్గర్ నొక్కేముందు చూడాల్సింది జంతువు కొమ్ములు కాదు, అది నిలబడిన తీరు. నీకు పూర్తిగా అడ్డంగా నిలబడితే ముందుకాలి వెంట కళ్ళు పైకి తీసుకెళ్ళు, కాలికి కాస్త వెనకగా, శరీరం ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపు. గుండె, ఊపిరితిత్తులు అక్కడే. కాస్త అవతలికి తిరిగి ఉన్నా పరవాలేదు, గుండు బయటికి వచ్చే చోటు అవతలి ముందుకాలి దగ్గర ఉండేలా చూసుకో. నీకేసి తిరిగి ఉన్నా, వీపు చూపిస్తున్నా, నడుస్తున్నా వద్దు. తలకు గురి పెట్టడం గొప్ప అనుకునేవాళ్ళ మాట వినకు. తల క్షణానికోసారి కదులుతుంది, దవడ విరిగిన జంతువు రోజుల తరబడి ఆకలితో చస్తుంది.

జంతువు వెనకాల ఏముందో చూడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అనే సామెత వేటలో నేరం కింద లెక్క. గుండు మొదటి జంతువులోంచి దూసుకెళ్ళి వెనకున్న దాన్ని గాయపరుస్తుంది, దాన్ని నువ్వు చూడను కూడా చూడవు. గట్టు అంచున ఆకాశం నేపథ్యంగా నిలబడిన జంతువును ఎంత అందంగా ఉన్నా కాల్చకు. చిన్న ట్వంటీటూ తూటాల డబ్బాల మీదే ఒకటిన్నర మైళ్ళ దాకా ప్రమాదమని రాసి ఉంటుంది, పెద్ద రైఫిల్ గుండు అంతకంటే చాలా దూరం పోతుంది. వెనక మట్టి గట్టు ఉంటేనే కాల్చు.

కాల్చాక తొందరపడకు. ముందు, జంతువు ఎక్కడ నిలబడిందో ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకో. నువ్వు కూర్చున్న చోట రుమాలు కట్టు, అక్కడికి వెళ్ళి వెనక్కి చూస్తే అంతా వేరేగా కనిపిస్తుంది. తర్వాత రక్తం చదువు. గులాబీ రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, జంతువు సాధారణంగా వంద మీటర్ల లోపే ఉంటుంది, అయినా అరగంట ఆగు. నల్లటి ఎరుపు చిక్కగా ఉంటే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. రక్తంలో పచ్చటి ముద్ద, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలింది. అప్పుడు ఆరేడు గంటలు ఆగాలి. వెంటనే తరిమితే అది ఆగకుండా పోతుంది, దొరకదు. దగ్గరికి వెళ్ళేటప్పుడు తుపాకీ నింపి ఉంచి వెనక వైపు నుంచి వెళ్ళు, పొడవాటి కర్రతో కంటిని తాకి చూడు. రెప్ప కదిలితే రెండో తూటా అవసరం ఇంకా తీరలేదని అర్థం.

మాటుకు నడిచి వెళ్ళేటప్పుడు మాత్రం తుపాకీ ఖాళీగానే ఉండాలి. మాటు వేసే చోటికి చేరాక నింపుకోవచ్చు. కంచె దాటాలన్నా, వాగు దిగాలన్నా తెరిచి తూటా తీసెయ్యి. మ్యాగజైన్ రైఫిల్ వాడికి బద్ధకం ఉంటే ఉండవచ్చు, నీకు ఒక లీవరు దించడమే పని, సాకు లేదు. నీ స్నేహితుడి తుపాకీ మధ్యకు మడిచే రకమని రాశావు. దానికి బయట హ్యామర్ (తూటాను పేల్చే చిన్న సుత్తి) ఉంటే ఒక మాట చెప్పు. కాల్చకుండా హ్యామర్ మెల్లగా దించేటప్పుడు చేతితొడుగు మీద బొటనవేలు జారుతుంది. తుపాకీ మొన నేలకేసి ఉంచి, ముందు మడిచి తూటా తీసేసి, ఆ తర్వాత హ్యామర్ దించమను. మూసేటప్పుడు చప్పుడు కాకుండా గొళ్ళెం నొక్కిపట్టి మూసి మెల్లగా వదలవచ్చు, పూర్తిగా పట్టుకుందో లేదో మాత్రం వేలితో చూసుకోవాలి.

చివరిగా, ఆ స్నేహితుడి తాతగారి పాత స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ గురించి అడిగావు. 1873 నాటి ఆ ట్రాప్‌డోర్ రైఫిళ్ళు, అంటే పైకి తెరుచుకునే తలుపు కింద తూటా పెట్టేవి, పాతకాలపు నల్లటి తుపాకీమందు పుట్టించే తక్కువ ఒత్తిడికి తయారైనవి. ఫార్టీఫైవ్ సెవెంటీ అనే పేరుతో ఇవాళ దొరికే తూటాల్లో కొన్ని కొత్త ఉక్కు తుపాకులకు మాత్రమే పనికొస్తాయి. తూటా లోపల సరిగ్గా కూర్చుందని పేల్చితే ఆ తలుపు మొహం మీదికే రావచ్చు. ముందు తుపాకులు బాగుచేసే నిపుణుడికి చూపించి, అతను రాసిచ్చిన తూటాలే వాడమను. అప్పటిదాకా అది గోడకే ఉండనీ.

నీ గురి కాగితం మీద ఐదారు చిల్లులు పడ్డాక ఫోటో తీసి పంపు, ఏ దూరం నుంచి కాల్చావో పక్కన రాయడం మరిచిపోకు.

ఇట్లు,
మీ పెదనాన్న