ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌ని కొత్త డొమైన్‌లోకి మార్చాలంటే

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఐటీ పని చూస్తానండి. మమ్మల్ని హైదరాబాద్ కంపెనీ కొనేసింది, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లన్నీ వాళ్ళ డొమైన్‌లోకి (కంపెనీ కంప్యూటర్లు, లాగిన్‌లు అన్నీ ఒకచోట నుంచి నడిపే ఏర్పాటు) మార్చమంటున్నారు. ఆఫీసులోవి అయిపోయాయి గానీ కొంతమంది పాలకొల్లు, మొగల్తూరు, రాజోలు వైపు ఇళ్ళ నుంచే పనిచేస్తారు. రాజోలు దగ్గర ఒకమ్మాయికి వీపీఎన్ (ఇంటి నుంచి ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) మీద డొమైన్ మార్చి రీస్టార్ట్ చేయిస్తే ఇక లాగిన్ అవ్వట్లేదు, పాత పాస్‌వర్డూ తీసుకోదు, కొత్తదీ తీసుకోదు. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దామండి, పాపం పని ఆగిపోయి కంగారు పడుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్ పాడవ్వలేదు, ఫైల్సూ ఎక్కడికీ పోలేదు. విండోస్ ఏం చేస్తుందంటే, ఒకసారి డొమైన్ కంట్రోలర్‌ని, అంటే పాస్‌వర్డ్ సరిచూసే కంపెనీ సర్వర్‌ని, అడిగి లాగిన్ అయిన వాళ్ళ వివరాలు లోపల దాచుకుంటుంది, అందుకే మామూలు రోజుల్లో ఇంట్లో వీపీఎన్ లేకపోయినా లాగిన్ అవుతాం. కొత్త ఎకౌంట్‌తో ఆ మెషీన్‌లో ఎవరూ ఒక్కసారి కూడా లాగిన్ అవ్వలేదు కాబట్టి దాచుకున్నదేం లేదు, కంట్రోలర్‌ని అడుగుదామంటే వీపీఎన్ లాగిన్ అయ్యాక గానీ కలవదు. పాత డొమైన్‌తో సంబంధం ఎలాగూ తెగిపోయింది.

లోకల్ అడ్మిన్ (డొమైన్‌తో పనిలేకుండా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండే అడ్మిన్ ఎకౌంట్) పాస్‌వర్డ్ మీ దగ్గరుంటే ఫోన్లో చెప్పి లోపలికి రప్పించండి, వీపీఎన్ కలపమనండి, సైన్ అవుట్ చెయ్యకుండా స్విచ్ యూజర్ నొక్కి కొత్త ఎకౌంట్‌తో లాగిన్ అవ్వమనండి. కొన్ని వీపీఎన్‌లు స్విచ్ యూజర్ అనగానే తెగిపోతాయి, అలాంటప్పుడు అడ్మిన్‌లో ఉండగానే నోట్‌ప్యాడ్‌ని వేరే యూజర్‌గా ఓపెన్ చేసి కొత్త యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే చాలు, వివరాలు లోపల దాచుకుంటుంది. పనయ్యాక ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ వెంటనే మార్చెయ్యండి. అసలు లోకల్ అడ్మినే లేదంటే మాత్రం చించినాడ బ్రిడ్జి దాటించి ల్యాప్‌టాప్‌ని భీమవరం తెప్పించుకోవాల్సిందే, కొత్త నెట్‌వర్క్ ఉన్న ఆఫీసు కేబుల్ పెట్టి ఒక్కసారి లాగిన్ అయితే తర్వాత ఇంట్లోనూ పనిచేస్తుంది.

మిగతావాళ్ళని ఇలా తిప్పలు పెట్టకండి. డొమైన్ ముట్టుకోకముందే ప్రతి మెషీన్‌లో లోకల్ అడ్మిన్ ఎకౌంట్ పెట్టి, దాంతో నిజంగా లాగిన్ అయి చూడండి, ఉందిలే అనుకోవద్దు. వీపీఎన్‌ని లాగిన్ స్క్రీన్ మీదే కలిసేలా పెట్టగలిగితే అంతకంటే మంచి దారి లేదు, సగం బాధ పోతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ రాసిపెట్టుకోండి.

ఇంకోటండి, కొత్త ఎకౌంట్ అంటే విండోస్‌కి కొత్త మనిషి, డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తుంది, అది చూసి చాలామంది హడలిపోతారు. పాతవన్నీ సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద పాత ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఆ పాత ఫోల్డర్‌ని, సెట్టింగులని (దాన్నే ప్రొఫైల్ అంటారు) కొత్త ఎకౌంట్‌కి తగిలించే ప్రొఫ్‌విజ్ లాంటి టూల్స్ ఉన్నాయి, మీ లెక్కకి అదే నయం. బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పాత ఎకౌంట్‌కి ముడిపడి ఉంటాయి కాబట్టి ముందే సింక్ చేయించండి, ఇది మర్చిపోతే బ్యాంకు లాగిన్‌ల కోసం మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

ఇంకా మొదలుపెట్టని మెషీన్లుంటే హైదరాబాద్ వాళ్ళని ఒక మాట అడగండి, ఎంట్రా ఐడీకి (మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లౌడ్ లాగిన్ సర్వీసు) మారుద్దామా అని. దానికి మామూలు ఇంటర్నెట్ చాలు, వీపీఎన్ అక్కర్లేదు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి నేనైతే అదే చెబుతాను. ఏ దారి అయినా విండోస్ హోమ్ ఉన్న మెషీన్ పనికిరాదు, ప్రో ఉండాలి. మార్చే రోజు ఛార్జింగ్ నిండా పెట్టించి, కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కాబట్టి పక్కన మొబైల్ హాట్‌స్పాట్ రెడీగా ఉంచమనండి.