లెక్కల మాస్టారి జవాబులు: ఒకే త్రిభుజానికి రెండు పేర్లా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. 45, 45, 90 డిగ్రీల కోణాలున్న త్రిభుజం ఏ రకమని పరీక్షలో అడిగితే ‘సమద్విబాహు త్రిభుజం’ అని రాసింది. ‘లంబకోణ త్రిభుజం’ అని రాయాలంటూ మార్కు కొట్టేశారు. అప్పటినుంచి త్రిభుజాలంటేనే టెన్షన్ పడుతోంది. ఏది సరైనది మాస్టారూ?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ సరైనవే అమ్మా. పాప రాసింది తప్పు కాదని ముందు తనకి గట్టిగా చెప్పండి.

త్రిభుజం రకం చెప్పాలంటే రెండు సంగతులు చూడాలి. మొదటిది భుజాలు: మూడూ సమానమైతే సమబాహు, రెండే సమానమైతే సమద్విబాహు, ఏ రెండూ కలవకపోతే విషమబాహు త్రిభుజం. రెండోది కోణాలు. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద కోణం ఒక్కటి చూస్తే చాలు. అది 90 డిగ్రీల కన్నా తక్కువైతే అల్పకోణ, సరిగ్గా 90 అయితే లంబకోణ, దాటితే అధికకోణ త్రిభుజం. ఈ రెండు జాబితాలనూ కలిపి బట్టీ పట్టిస్తే, పిల్లలు ఆరు వేర్వేరు రకాలున్నాయనుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే. ప్రతి త్రిభుజానికీ రెండు పేర్లుంటాయి. మీ పాపది సమద్విబాహు లంబకోణ త్రిభుజం.

జామెట్రీ బాక్స్‌లో రెండు మూలమట్టాలు ఉంటాయి కదా, తీయించండి. ఒకటి అచ్చంగా పరీక్షలో అడిగినదే. రెండోదాని కోణాలు 30, 60, 90, కాబట్టి అది విషమబాహు లంబకోణ త్రిభుజం. మన వైపు ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి తయారుచేసేదీ ఈ రకమే. ఒక తాడు మీద మూల నుంచి 3 అడుగులు, రెండో తాడు మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య 5 అడుగులు వచ్చేదాకా తాడు జరుపుతాడు. వచ్చిందంటే మూల సరిగ్గా 90 డిగ్రీలు.

ఇప్పుడు పాపకి ఒక పని పెట్టండి. భుజాల పేర్లు మూడు, కోణాల పేర్లు మూడు, జతలు 9. వాటిలో రెండు జతలు ఎక్కడా దొరకవు. అవేవో కనుక్కోమనండి. కాగితం త్రిభుజం మూడు మూలలూ చింపి పక్కపక్కనే పేరిస్తే సరళరేఖ వస్తుంది, అంటే మొత్తం 180 డిగ్రీలు. మూడు భుజాలూ సమానమైతే మూడు కోణాలూ సమానమే, ఒక్కోటి 60. ఇంతవరకు వస్తే జవాబు తనకే దొరుకుతుంది.

ప్రశ్న: 3, 4, 8 సెంటీమీటర్లతో త్రిభుజం ఎందుకు రావడం లేదండీ?
– ఆరో తరగతి విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: 3, 4 కలిపితే 7 నాన్నా, 8కి చాలదు. వృత్తలేఖినితో గీసిన చాపాలు కలుసుకోవు. ఏ రెండు భుజాలు కలిపినా మూడోదానికన్నా ఎక్కువ రావాలి. 8 బదులు వరసగా 4, 5, 6 పెట్టి మూడు త్రిభుజాలు గీయి. మొదటిది అల్పకోణం, రెండోది లంబకోణం, మూడోది అధికకోణం వస్తాయి. కోణమానినితో కొలిచి చూసుకో.