హ్యాండ్ బ్రేక్ తీస్తే ఎయిర్ పడిపోతోందా? కంప్రెసర్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఆర్మీ వేలంలో వచ్చిన పాత అశోక్ లేలాండ్ స్టాలియన్ 4×4 లారీ కొని, కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీలో నీళ్ళ ట్యాంకరుగా తిప్పుతున్నారు. ఇంజిన్ స్టార్ట్ చేసి హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే బ్రేక్ ఎయిర్ గేజ్ ముళ్ళు రెండూ 7 కిలోలు (చదరపు సెంటీమీటరుకు) దాటుతున్నాయి. హ్యాండ్ బ్రేక్ తీయగానే క్యాబిన్ కింద, బ్రేక్ పెడల్ తొక్కితే పనిచేసే ఫుట్ వాల్వ్ దగ్గర బుస్సుమంటూ ఎయిర్ పోతోంది, ముళ్ళు 5 దగ్గరికి దిగి అక్కడే ఊగిసలాడుతున్నాయి. మేస్త్రీ ఫుట్ వాల్వ్ మార్చాడు, ఫలితం లేదు. ఇప్పుడు ట్యాంకుల్లోకి ఎయిర్ కొట్టే కంప్రెసర్ మార్చమంటున్నాడు. మార్చాలా?

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. జబ్బు ఏమిటో మీ ప్రశ్నలోనే ఉంది: హ్యాండ్ బ్రేక్ వేస్తే ఎక్కుతోంది, తీస్తే పోతోంది. కంప్రెసర్‌కి హ్యాండ్ బ్రేక్ వేశారో తీశారో తెలియదు. అది ఎప్పుడూ ఒకేలా కొడుతుంది. 7 దాటించగలిగిన కంప్రెసర్ బాగానే ఉన్నట్టు. కుండకు చిల్లి పడితే కుళాయి మార్చి ఏం లాభం?

నేను ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో ట్రైనింగ్, తర్వాత సర్వీసులో పెద్ద భాగం లద్దాఖ్ వైపు, స్టాలియన్ల కిందే. మీరు రాసిన లక్షణం అక్కడ చాలాసార్లు చూశాను. ఎక్కువసార్లు దోషి వెనక చక్రాల దగ్గరుండే స్ప్రింగ్ బ్రేక్ యాక్చుయేటర్, అదే మన మేస్త్రీలు లాక్ యాక్చుయేటర్ అనేది.

ఆ డబ్బాలో రెండు గదులుంటాయి. ముందు గది పెడల్ తొక్కినప్పుడు పనిచేసేది. వెనక గదిలో బలమైన స్ప్రింగ్ ఉంటుంది. ఆ గదిలోకి ఎయిర్ పంపి స్ప్రింగ్‌ని వెనక్కి నొక్కి పెడితే బండి కదులుతుంది, ఎయిర్ వదిలేస్తే స్ప్రింగ్ ముందుకొచ్చి బ్రేక్ పట్టేస్తుంది. హ్యాండ్ బ్రేక్ తీయడమంటే వెనక గదిలోకి ఎయిర్ పంపడం, వేయడమంటే ఆ ఎయిర్ వదిలేయడం. ఈ రెండు గదుల మధ్య గోడలోంచి ఒక రాడ్డు పోతుంది, దాని చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. ఆ సీలు అరిగితే వెనక గది ఎయిర్ ముందు గదిలోకి దూరుతుంది. అక్కడ ఆగదు. సర్వీస్ బ్రేక్ పైపు పట్టుకుని ఎదురు నడుస్తుంది. దారిలో రిలే వాల్వ్ (పెడల్ సైగ అందుకుని వెనక బ్రేకులకు ఎయిర్ పంపేది) ఉంటే దాని కింద రంధ్రంలోంచి, లేకపోతే ఫుట్ వాల్వ్ దాకా వచ్చి దాని ఎగ్జాస్ట్‌లోంచి బయట పడుతుంది. చప్పుడు ముందు, చిల్లి వెనక. అందుకే ప్రతివాడూ ముందు ఫుట్ వాల్వే మారుస్తాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. బుస్సుమంటున్నప్పుడు పెడల్ కొంచెం తొక్కి చూడండి, చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. తొక్కగానే ఫుట్ వాల్వ్ తన ఎగ్జాస్ట్ దారి మూసేస్తుంది కాబట్టి. అది చూసి "తొక్కితే ఆగింది, అంటే వాల్వే పోయింది" అని తేల్చేస్తారు. మీ మేస్త్రీని తప్పు పట్టను, చెవికి అలాగే అనిపిస్తుంది. లేహ్ దగ్గర ఒక యూనిట్ బండికి ఇదే కథ. మా దగ్గరికి వచ్చేసరికే ఫుట్ వాల్వ్ కొత్తది, హ్యాండ్ వాల్వ్ కూడా కొత్తది. మా ఉస్తాద్ బండి కిందికి దూరకుండానే డ్రైవర్‌తో హ్యాండ్ బ్రేక్ వేయించి, తీయించి, మళ్ళీ వేయించి విన్నాడు. "పీఛే దేఖో" అని వెళ్ళిపోయాడు. వెనక ఎడమ వైపు సీలు.

మీ బండికి చేయాల్సిన పరీక్ష ఇదే. ముందుగా బండి చదునైన నేల మీద ఉండాలి. క్వారీ ర్యాంపు మీద అసలొద్దు. నాలుగు చక్రాలకూ ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. రాళ్ళు జారతాయి. ట్యాంకరు ఖాళీ చేస్తే ఇంకా మంచిది. ఈ పరీక్షలో హ్యాండ్ బ్రేక్ తీసి ఉంటుంది, వెనక పెడల్ బ్రేకూ ఉండదు, బండిని ఆపేది ఆ దిమ్మెలే.

హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, బండి ఎయిర్ ట్యాంకుల్లో ఉన్నదంతా పూర్తిగా వదిలేయండి. యాక్చుయేటర్ మీద పైపులు దిగే చోట అంకెలు పోత పోసి ఉంటాయి, మట్టి గీకితే కనిపిస్తాయి. 11 అంటే సర్వీస్ గది, 12 అంటే స్ప్రింగ్ గది. వెనక రెండు వైపులా 11 దగ్గర పైపు విప్పి పక్కకు కట్టండి. క్యాబిన్‌లో నమ్మకమైన మనిషిని కూర్చోబెట్టి, పెడల్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. తొక్కాడంటే విప్పిన పైపుల్లోంచి ట్యాంకు ఎయిరంతా మీ ముఖం మీదికే వస్తుంది. ఇంజిన్ నడిపి ఎయిర్ ఎక్కించి, ఇంజిన్ ఆపేసి, హ్యాండ్ బ్రేక్ తీయించండి. ఇప్పుడు ఖాళీగా ఉన్న 11 రంధ్రాల దగ్గర సర్ఫ్ నీళ్ళు పూయండి. ఏ వైపు నురగ పొంగి చిమ్ముతుందో ఆ యాక్చుయేటర్ పోయింది. మంచి దానిలో ఒక్క బుడగ కూడా రాకూడదు.

పైపులు విప్పే ఓపిక లేకపోతే తేలిక దారి ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి, నిండా ఎయిర్ ఉన్నప్పుడు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోండి. హ్యాండ్ వాల్వ్ ఎగ్జాస్ట్ దగ్గరో, వెనక క్విక్ రిలీజ్ వాల్వ్ (ఎయిర్‌ని త్వరగా బయటికి వదిలేది) దగ్గరో ఎయిర్ వస్తుంటే అదే సీలు అటు నుంచి ఇటు కారుతోందన్నమాట. ఏ వైపుదో మాత్రం ఇది చెప్పదు. అలాగే, 5 కిలోల దగ్గర బండి నడుపుతున్నారంటే స్ప్రింగ్ పూర్తిగా వెనక్కి పోక బ్రేకులు రాసుకుంటూ ఉండొచ్చు. కాసేపు తిప్పాక వెనక డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టకుండా, కొంచెం దూరం నుంచే వేడి చూడండి. లైనర్ కాలిన వాసన వస్తే బండి ఆపేయండి. ఆ స్థితిలో క్వారీ నుంచి నిండు ట్యాంకరుతో దిగొద్దు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఆ వెనక డబ్బా క్లాంపు గానీ, అంచు గానీ ఎవరినీ విప్పనివ్వకండి. లోపల స్ప్రింగ్ వందల కిలోల బలంతో నొక్కుకుని ఉంటుంది. షెడ్డులో విప్పబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, వివిధ దేశాల్లో ఇది తెలిసిన ప్రమాదమే. యాక్చుయేటర్‌తో ఇచ్చే రిలీజ్ బోల్టుతో స్ప్రింగ్‌ని బంధించి, మొత్తం డబ్బా దించి, కొత్తది ఎక్కించడమే పద్ధతి. "సీలు కిట్టు వేస్తా సార్, సగం ఖర్చులో అయిపోతుంది" అనేవాడుంటే, సరైన ప్రెస్సు ఉన్న బ్రేక్ సర్వీస్ వాళ్ళయితేనే ఒప్పుకోండి. ఒక వైపు పోయిందంటే రెండో వైపుదీ అదే వయసు రబ్బరు, జతగా మార్చేయడం నా సలహా. వేలానికి వచ్చే బండ్లు తిరిగి పాడైనవి కొన్ని, నిలబడి పాడైనవి ఎక్కువ. రబ్బరు ఎండి పగుళ్ళు తేలుతుంది, ట్యాంకు అడుగున తుప్పు చేరుతుంది, ఆ తుప్పు పొడి వాల్వుల సీట్ల మీద కూర్చుంటుంది.

కంప్రెసర్ మీద ఇంకా అనుమానం ఉంటే తేల్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, ట్యాంకులు ఖాళీ చేసి, ఇంజిన్ కొంచెం రేజ్ చేసి ఎయిర్ ఎక్కడం చూడండి. పైదాకా ఎక్కి, ట్యాంకులు నిండాక మిగతా ఎయిర్ బయటికి వదిలే అన్‌లోడర్ "ఫట్" మని వదిలితే కంప్రెసర్, అన్‌లోడర్ రెండూ సరిగ్గా ఉన్నట్టే. అమెరికాలో హెవీ లారీలకు ఒక లెక్కుంది: ఇంజిన్ మామూలుగా పనిచేసే ఆర్‌పీఎం దగ్గర 85 నుంచి 100 పీఎస్ఐకి, అంటే సుమారు 6 నుంచి 7 కిలోలకు, 45 సెకన్లలో ఎక్కాలి. మన పాత బండికి దాన్ని ఓ అందాజుగా వాడుకోవచ్చు. మరీ నిదానంగా ఎక్కితే కంప్రెసర్ కంటే ముందు దాని నుంచి అన్‌లోడర్‌కు వెళ్ళే పైపు విప్పి చూడండి. ఆయిల్ కాలి మసి పేరుకుని, బొటనవేలంత ఉండాల్సిన దారి పెన్సిలు ములుకంత అయిన పైపులు చూశాను. పైపు మారిస్తే చాలు, "పోయిన" కంప్రెసర్ బాగైపోతుంది. ఇన్‌టేక్ ఫిల్టరు కూడా చూడండి, మీ క్వారీ దుమ్ముకి అది ఎంతకాలం ఆగుతుంది?

లద్దాఖ్‌లో మాకు ఇందులోనే ఇంకో తలనొప్పి ఉండేది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ వాతావరణ పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఖార్దుంగ్ లా మీద దాదాపు సగం. పీల్చుకునే గాలే తక్కువ కాబట్టి మంచి కంప్రెసరైనా ట్యాంకులు నింపడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కింది నుంచి కొత్తగా వచ్చిన డ్రైవర్లు కంప్రెసర్ పోయిందని రిపోర్టు రాసేవాళ్ళు. చలికి రబ్బరు బిగుసుకుని పొద్దున్నే కారే జాయింట్లు ఎండెక్కాక వాటంతటవే ఆగిపోయేవి. ట్యాంకుల్లో నీళ్ళు రాత్రికి గడ్డ కడితే వాల్వులు అక్కడికక్కడే బిగిసిపోతాయి కాబట్టి, బండి ఆపగానే ఇంజిన్ వేడి మీద ఉండగానే డ్రెయిన్ చేయించేవాళ్ళం. కరీంనగర్‌లో గడ్డ కట్టే భయం లేదు గానీ వానాకాలం తేమ తక్కువేం కాదు. రోజూ సాయంత్రం డ్రెయిన్ కాక్ తిప్పండి. వచ్చేవి మామూలు నీళ్ళయితే ఫరవాలేదు. పాలలా తెల్లగా, జిడ్డుగా వస్తే కంప్రెసర్ ఆయిల్ తోస్తోందని అర్థం, అప్పుడు దాని సంగతి చూద్దాం.

క్వారీ బండ్లలో తరచూ చూసేది ఇంకొకటి: టైర్లకు గాలి కొట్టుకోవడానికి, ఎయిర్ హారన్‌కు బ్రేక్ ట్యాంకు నుంచే టీ జాయింటు వేసి పైపు లాగేస్తారు. మీ బండిలో ముందు యజమాని ఎవరైనా అలా చేశారేమో చూడండి. ఎయిర్‌ని విడివిడి దారులుగా పంచే నాలుగు దారుల ప్రొటెక్షన్ వాల్వ్ మీద 21, 22 అని ఉన్నవి బ్రేకులవి, 24 అదనపు సామానుకి. హారన్ లాంటివి 24 నుంచే తీసుకోవాలి. అప్పుడు హారన్ పైపు తెగినా బ్రేక్ ఎయిర్ మొత్తం ఖాళీ అవదు.

యాక్చుయేటర్లు మార్చాక స్లాక్ అడ్జస్టర్లు (లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసేవి) రెండు వైపులా సమానంగా సెట్ చేయించి, రిలీజ్ బోల్టులు తీశారో లేదో మీ కళ్ళతో చూసుకోండి. అవి అలాగే ఉంటే హ్యాండ్ బ్రేక్ పట్టదు. తర్వాత చక్రాలకు దిమ్మెలు పెట్టే ఉంచి, ఎయిర్ నిండా ఎక్కించి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ తీసి ఐదు నిమిషాలు గేజ్ చూడండి. అమెరికా హెవీ లైసెన్స్ పరీక్షలో ట్రైలర్ లేని లారీకి నిమిషానికి 2 పీఎస్ఐ మించి పడకూడదంటారు, పెడల్ తొక్కి పట్టుకుంటే 3. మన కిలోల గేజ్ మీద అది ముల్లు కదిలీ కదలనంత. ఐదు నిమిషాల్లో కిలో దాకా పడితే ఇంకెక్కడో కారుతోంది, సర్ఫ్ నీళ్ళ సీసా మళ్ళీ తీయాల్సిందే.

ఒకవేళ 11 దగ్గర రెండు వైపులా బుడగే రాకపోతే నా అంచనా తప్పు. అప్పుడు విప్పిన పైపుల వైపు ఎయిర్ వస్తోందేమో చూసి, రిలే వాల్వ్ ఉంటే దాని సీటు, తర్వాత మీ కొత్త ఫుట్ వాల్వ్ అనుమానించాలి. డూప్లికేట్ సామాను కొత్తదైనా కారుతుంది. మేస్త్రీ తీసేసిన పాత ఫుట్ వాల్వ్ షెడ్డులోనే ఉంటే పారేయనివ్వకండి, అది బాగానే ఉండే అవకాశం ఎక్కువ.