యూనిట్లు అవే, బిల్లు ఎందుకు పెరిగింది? సోలార్ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. సొంత ఇల్లు, పైన డాబా ఖాళీగానే ఉంది. మా ఆయన ప్రైవేటు ఉద్యోగి, నేను టీచర్‌ని. ఇద్దరి జీతం కలిపి 62 వేలు. మొన్న పాత కాగితాలు సర్దుతుంటే 2024 మే, 2025 మే కరెంటు బిల్లులు రెండూ దొరికాయి. రెండింట్లోనూ 400 యూనిట్లే. మొదటిది 2,830 రూపాయలు, రెండోది 3,230. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడకుండా 400 రూపాయలు ఎందుకు కట్టాం? వేసవి నాలుగు నెలలూ ఇంతే. మిగతా నెలల్లో 220 యూనిట్ల దాకా వస్తుంది. హైదరాబాద్‌లో మా చెల్లెలికి మాత్రం సున్నా బిల్లు. సోలార్ కంపెనీ వాళ్లు 2 కిలోవాట్లకు 1,40,000, 3 కిలోవాట్లకు 1,95,000 కొటేషన్ ఇచ్చారు. 3 కిలోవాట్లు పెట్టుకుంటే మూడేళ్లలో డబ్బంతా తిరిగొస్తుందట. బ్యాంకులో ఉన్న 3 లక్షల ఎఫ్‌డీ తీసి పెట్టించమంటారా సార్?

జవాబు: నమస్తే అండీ. మీరు పంపిన బిల్లుల ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. యూనిట్ల చార్జీ రెండింట్లోనూ ఒక్కటే, 2,548 రూపాయలు. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కూడా మారలేదు. తేడా అంతా కింది వరుసల్లో ఉంది. అక్కడ ఎఫ్‌పీపీసీఏ అని పొట్టి అక్షరాల్లో రాసి, పక్కన పాత సంవత్సరాలు వేసి ఉన్నాయి చూడండి. ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు అని దాని అర్థం. జనం ట్రూఅప్ అంటారు. మీరు 2025 మేలో కట్టిన ఆ 400 రూపాయలు ఆ నెల కరెంటుకు కాదు, ఎప్పుడో వాడేసిన కరెంటుకు.

2022-23లో డిస్కంలు, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, కరెంటు కొనడానికి ముందు వేసుకున్న అంచనా కంటే చాలా ఎక్కువ ఖర్చు పెట్టాయి. ఆ తేడా ఇప్పించమని, ధరలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలిని అడిగాయి. మండలి కొంత కోత పెట్టి 6,072.86 కోట్లకు ఒప్పుకుంది. 2024 డిసెంబర్ నుంచి 15 నెలల పాటు వసూలు చేసుకోమంది. 2023-24కు మరో 9,412.50 కోట్లు, అది రెండేళ్ల పాటు. రెండూ కలిపితే 15,485 కోట్లు. మీ 400 రూపాయలు అందులో మీ వాటా. దీన్ని లెక్కగట్టేది అప్పట్లో ఆ మీటరు మీద నడిచిన యూనిట్లను బట్టి. మీది సొంత ఇల్లు కాబట్టి మీరు వాడినదే మీరు కడుతున్నారు. అద్దె ఇళ్లలో మాత్రం పాతవాళ్లు వేసుకున్న ఏసీకి కొత్తగా దిగినవాళ్లు కడుతున్నారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఇల్లు మారేవాళ్లు ఓనరుతో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఇంతకీ 2022లో ఖర్చు ఎందుకు అంత పెరిగింది? ఆ ఏడాది ఎండలు మార్చిలోనే ముదిరాయి. దేశంలో బొగ్గు నిల్వలు అడుగంటాయి. ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర ఆకాశాన్నంటింది. సరిగ్గా అప్పుడే, థర్మల్ ప్లాంట్లు 10 శాతం విదేశీ బొగ్గు కలుపుకోవాలని కేంద్రం చెప్పింది. కరెంటు కొని అమ్ముకునే ఎక్స్‌ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయల దాకా పోతుంటే కేంద్ర నియంత్రణ మండలి 12 రూపాయల దగ్గర కట్టడి చేసింది. అంటే కొన్ని సాయంత్రాలు డిస్కం 12 రూపాయలకు కొన్న కరెంటును మనకు 3 రూపాయలకో, 6 రూపాయలకో ఇచ్చింది. ఆ లోటు అప్పు పుస్తకంలో కూర్చుంది, తర్వాత బిల్లులోకి దిగింది. 2022 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు మార్చి, ఇలాంటి ఖర్చును ఏళ్ల తరబడి ఆపకుండా నెలనెలా బిల్లులోకి ఎక్కించాలంది. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా పడుతున్నది అదే.

నిజం చెప్పాలంటే నాకు ఈ పద్ధతే నయమనిపిస్తుంది. ఈ నెల ఖర్చు ఈ నెలే తెలిస్తే ఇంటి బడ్జెట్ వేసుకోవచ్చు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుపై నిరసన తెలుపుతున్నవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. అది మనవాళ్లెవరూ మర్చిపోలేదు. చార్జీలు పెంచుతున్నామని ముందుగా చెప్పడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. అందుకే పెంపును వాయిదా వేస్తారు. వాయిదా పడ్డ ప్రతి రూపాయి మీదా వడ్డీ నడుస్తుంది, ఆ వడ్డీ కూడా మన మీదే. ఇలా పేరుకుపోయిన పాత బకాయిలను 2024 ఏప్రిల్ నుంచి ఏడేళ్లలోగా తీర్చేయాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ గడువు పెట్టింది. కాబట్టి ట్రూఅప్ అనే మాట ఇకముందు కూడా వింటూనే ఉంటాం. ఒక్కోసారి లెక్క మన వైపు కూడా తిరుగుతుంది. 2024-25లో ఖర్చు తగ్గినందుకు 923 కోట్లు వెనక్కి ఇమ్మని మండలి చెప్పడంతో 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గింది. కొత్త బిల్లులో అది పడిందో లేదో చూసుకోండి.

విధానాల సంగతి ఇంకా ఉంది. కరెంటు జీఎస్టీలో లేదు కాబట్టి పన్ను భారం లేదనుకుంటాం. కానీ బొగ్గు మీద ఉంది. కరెంటు జీఎస్టీ బయట ఉన్నందువల్ల ప్లాంటు కట్టిన ఆ పన్నును ఎక్కడా సర్దుబాటు చేసుకోలేదు, నేరుగా యూనిట్ ధరలో కలిపేస్తుంది. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016కల్లా 400 అయింది. ఒక యూనిట్ తయారీకి దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఆ లెక్కన ఒక్క సెస్సే యూనిట్‌కు 28 పైసలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ 400 తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. టన్ను 2,000 ఉంటే ఇంతకుముందు పన్నులన్నీ కలిపి 500, ఇప్పుడు 360.

రవాణా ఖర్చు ఇంకో బరువు. ఆంధ్రప్రదేశ్‌లో బొగ్గు గనుల్లేవు. సింగరేణి నుంచో ఒడిశా తాల్చేరు నుంచో రైల్లో రావాలి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ ప్లాంటుకు ఆ బొగ్గు చేరేసరికి గని దగ్గరి ధర మీద కిరాయి బాగా ఎక్కుతుంది. ప్రయాణికుల టికెట్లు చవగ్గా ఉంచడానికి రైల్వే సరుకు రవాణా మీద, ముఖ్యంగా బొగ్గు మీద, ఎక్కువ వసూలు చేస్తుంది. మనం టికెట్టు మీద మిగుల్చుకున్నది కొంత కరెంటు బిల్లులో పోతోందన్నమాట. గ్యాస్ సంగతి మరీ బాధగా ఉంటుంది. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ మన ముంగిట్లోనే ఉందని నమ్మి కట్టిన ప్లాంట్లు గ్యాస్ రాక మూలపడ్డాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్ల ప్లాంటు అలాగే ఖాళీగా నిలబడింది. మామూలుగా కరెంటు కొనుగోలు ఒప్పందాల్లో రెండు ధరలు ఉంటాయి. ప్లాంటు సిద్ధంగా ఉన్నందుకు ఒకటి, కరెంటు తీసుకున్నందుకు ఒకటి. వాడుకోకపోయినా మొదటిది కట్టాల్సిందే. పాతికేళ్ల కింద వేసిన అంచనా తప్పితే ఆ తప్పు ఖరీదు ఈ రోజు బిల్లులో ఉంటుంది.

మీ చెల్లెలి బిల్లు సంగతి. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ప్రభుత్వం కడుతోంది. 200 దాటిన నెల మొత్తం బిల్లు ఇంటివాళ్లే కట్టుకోవాలి. వేసవిలో ఒక కన్నేసి ఉంచమని చెప్పండి. ఇలాంటి సబ్సిడీ సొమ్ము ముందుగానే డిస్కంకు కట్టాలని 2003 విద్యుత్ చట్టం చెబుతుంది. ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది.

ఇక మీ డబ్బు. ముందు శ్లాబులు చూద్దాం, ఎందుకంటే మీ నిర్ణయమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. 2022లో ఖరారైన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, ఆ తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75. మీ ఇంట్లో 400వ యూనిట్ ధర మొదటి యూనిట్‌కు నాలుగున్నర రెట్లు. బిల్లును యూనిట్లతో భాగించి సగటున ఇంత పడిందని చూసుకుంటే మోసపోతాం. మీరు ఏది తగ్గించినా పైనుంచి తగ్గుతుంది. వేసవిలో ఆపిన ప్రతి యూనిట్‌కూ 8.75 మిగులుతుంది, అదే నవంబర్‌లో 6 రూపాయలు.

దీన్ని సోలార్‌కు పెట్టి చూడండి. ఒక కిలోవాట్ నెలకు సుమారు 115 యూనిట్లు ఇస్తుందనుకుందాం. మొదటి కిలోవాట్ మీ ఖరీదైన యూనిట్లను తీసేస్తుంది, ఏడాదికి దాదాపు 9,800 మిగులు. రెండోది ఇంకో 6,500. మూడోది కలిపితే? వేసవి నాలుగు నెలల్లో 3, 4.50, 6 రూపాయల యూనిట్లు తగ్గుతాయి, అంతే. మిగతా ఎనిమిది నెలలూ మీకు తగ్గడానికి యూనిట్లే ఉండవు. ఏడాదికి 2,400 దాటదు. మిగులు కరెంటుకు డిస్కం ఇచ్చేది కొంచెమే, దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

ఖర్చు వైపు చూస్తే, ఇంటిపై సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 ఇస్తుంది. మీ కొటేషన్ల ప్రకారం సబ్సిడీ పోగా 2 కిలోవాట్లకు 80,000, మూడింటికి 1,17,000. మూడో కిలోవాట్ కోసం మీరు పెట్టేది 37,000, ఏటా వచ్చేది 2,400. తిరిగి రావడానికి పదిహేనేళ్లు! మొదటి రెండింటికి అయితే అయిదేళ్లు. మూడేళ్ల మాట మీ ఇంటికి వర్తించదు. నెలకు 600 యూనిట్లు వాడే ఇంటికి చెప్పే లెక్క అది. ఇంకో మాట, ట్రూఅప్ పాత వాడకం మీద వేసేది కాబట్టి సోలార్ పెట్టినా ఆ వరుసలు వెంటనే పోవు. స్థిర చార్జీ కూడా ఉంటుంది. సున్నా బిల్లు అని ఎవరు చెప్పినా నమ్మకండి.

నేను మీ ఇంటి మనిషినైతే సోలార్ కంటే ముందు ఫ్యాన్లు మార్పిస్తాను. హాల్లో, పడకగదిలో రోజుకు 15 గంటలు తిరిగే పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు లాగుతాయి. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రెండు మారిస్తే నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి, వేసవిలో 350 రూపాయలు. రెండింటికీ 6,000 అవుతుందనుకున్నా రెండున్నరేళ్లలోపు వచ్చేస్తుంది. అప్పు అక్కర్లేదు, డాబా ఎక్కి కడగక్కర్లేదు. ఏసీ పాతదైతే దాని వంతు తర్వాత. నడుస్తున్న ఏసీని కరెంటు కోసమే పారేయడం మీ వాడకానికి గిట్టదు.

తర్వాత 2 కిలోవాట్లు పెట్టించుకోండి. మీ డాబాకు అది చాలు, నీడ పడని చోటు 200 చదరపు అడుగులు కావాలి. పక్కింటి వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఎటు పడుతుందో ఒక రోజు స్వయంగా చూడండి. నెట్ మీటరింగ్‌లో మధ్యాహ్నం గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్‌ను రాత్రి వాడుకున్న యూనిట్‌తో సరిపెడతారు. గ్రిడ్‌ను బ్యాంకులా వాడుకుంటున్నట్టే. సోలార్ ఎక్కువయ్యే కొద్దీ మధ్యాహ్నం కరెంటు చవకై, సాయంత్రం కరెంటు ప్రియమవుతోంది. ఈ నియమాన్ని ఎప్పటికైనా మార్చే వీలుంది. ఎన్నేళ్ల వరకు ఇది వర్తిస్తుందో ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అడగండి.

ఎఫ్‌డీ మాత్రం తీయొద్దు. మీ జీతాలకు 3 లక్షలంటే ఆరు నెలల ఇంటి ఖర్చు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలైతే అది కదలకూడని డబ్బు. రూఫ్‌టాప్ సోలార్‌కు ప్రభుత్వ బ్యాంకులు పూచీకత్తు లేకుండా, పర్సనల్ లోన్ కంటే చాలా తక్కువ వడ్డీకి ఇస్తున్నాయి. సబ్సిడీ ప్లాంటు బిగించి, మీటరు పెట్టాకే మీ ఖాతాలో పడుతుంది. కాబట్టి ముందు 1,40,000కు ఏర్పాటు ఉండాలి. సబ్సిడీ రాగానే ఆ 60,000 లోన్‌కే కట్టేయండి. మిగిలిన 80,000కు 7 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే ఈఎంఐ 1,200 చుట్టూ ఉంటుంది. ఫ్యాన్లు మార్చాక సోలార్ వల్ల తగ్గే బిల్లు సగటున నెలకు ఇంచుమించు అంతే. జేబులోంచి కొత్తగా పోయేదేమీ ఉండదు, ఏడేళ్ల తర్వాత మిగిలేదంతా మీది. ముందే కట్టేస్తే జరిమానా ఉందా అని బ్యాంకులో అడిగి రాయించుకోండి.

ఇవన్నీ అయ్యేలోపు మీ కరెంటు ఖర్చు ఏడాదికి 24 వేల పైచిలుకు. నెలకు 2,000 చొప్పున పక్కన పెడితే మే నెలలో టెన్షన్ ఉండదు. శీతాకాలంలో మిగిలిన డబ్బే వేసవిలో కడుతుంది. ఇంకొకటి, డిస్కంలు ఏటా నవంబర్ చివర్లో వచ్చే ఏడాది లెక్కలు మండలికి ఇస్తాయి. తర్వాత బహిరంగ విచారణ ఉంటుంది. అభ్యంతరం ఎవరైనా రాసి పంపొచ్చు, లాయరు అక్కర్లేదు. అద్దెదారుల మీద పాత బకాయి వేయడం గురించి నేను ఈసారి రాస్తున్నాను. మీరూ మీ బిల్లుల కాపీలతో రాయండి.

కొత్త కొటేషన్ వచ్చాక, అందులో ప్యానెళ్ల వారంటీ ఎన్నేళ్లు, ఇన్వర్టర్‌ది ఎన్నేళ్లు అన్న రెండు సంఖ్యలు నాకు పంపండి. ఇన్వర్టర్ మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో కలిపి చూద్దాం.