బలపాలు తినే బాబుకు ముందు రక్త పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది తిరుపతి. మా బాబుకు నాలుగేళ్లు, బరువు 15 కిలోలు. పిల్లలను ఆరోగ్యంగా, సంతోషంగా పెంచడానికి నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉందా? వీడియోల్లో ఒకరు పిల్లలకు అడ్డు చెప్పవద్దంటారు, ఇంకొకరు క్రమశిక్షణ అంటారు. రెండు దెబ్బలు వేస్తేనే దారికి వస్తాడని మా అత్తగారు అంటారు. వాడికి చిరాకు, మొండితనం ఎక్కువ. ఫోను చూపిస్తే తప్ప అన్నం తినడు. అందుకే రోజుకు నాలుగు గ్లాసుల పాలు ఇస్తున్నాను. మెడికల్ షాపులో అడిగి మూడు నెలలుగా ఆకలి మందు కూడా పోస్తున్నాను. ఈ మధ్య బలపాలు, గోడ సున్నం తినే అల్లరి మొదలుపెట్టాడు. ఎలా మాన్పించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాలుగేళ్ల పిల్లవాడు బలపాలు, సున్నం తింటుంటే దాన్ని అల్లరి కింద జమ కట్టకూడదు. బాబును చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను. కానీ పాలతోనే కడుపు నింపుకోవడం, అన్నం అంటే అయిష్టం, చిరాకు, సున్నం తినడం అన్నీ ఒక్క పిల్లవాడిలో కనిపిస్తే, ఏ పిల్లల డాక్టరైనా మొదట అనుమానించేది ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ బాబు అందులో ఒకడు కావడం వింతేమీ కాదు.

ఇనుము తగ్గితే రక్తంతో పాటు మెదడు పని మీద కూడా ప్రభావం ఉంటుంది. పిల్లలు ఊరికే విసుక్కుంటారు, దేని మీదా మనసు పెట్టరు, ఆటలో త్వరగా అలసిపోతారు. అలాంటి పిల్లవాడికి దెబ్బలు వేసి ప్రయోజనం ఏమిటి? ఈ మాట మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. ఈ వయసుకు రోజుకు అర లీటరు దాటకుండా ఉంటే మంచిది. మీరు నాలుగు గ్లాసులు పట్టిస్తే అన్నానికి ఇక చోటెక్కడ? రాగి జావ ఇస్తే రక్తం పడుతుందని మన జిల్లాల్లో గట్టి నమ్మకం. రాగిలో కాల్షియం పుష్కలం, సంగటి నేనూ ఇష్టంగా తింటాను. కానీ అందులో ఉన్న కొద్దిపాటి ఇనుమును కూడా శరీరం సరిగా గ్రహించలేదు. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండి అయితే కొంత నయం. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండండి, జామకాయ పెట్టండి. మాంసాహారులైతే మెత్తగా ఉడికించిన మాంసం మరీ మంచిది. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, అందులో బిస్కెట్టు ముంచి ఇచ్చే అలవాటు ఉంటే మానేయండి.

ఇక ఆకలి మందు. మందు పేరు మీరు రాయలేదు. ఇలా షాపుల్లో ఇచ్చే సిరప్‌లలో చాలావరకు సైప్రోహెప్టడిన్ ఉంటుంది. అది అసలు అలర్జీ మందు. ఆకలి పెరగడం దాని పక్క ప్రభావం, నిద్రమత్తు ఇంకొకటి. మానేశాక ఆ పెరిగిన ఆకలి నిలవదు. వైద్యుడి పర్యవేక్షణలో వాడవలసిన మందును మూడు నెలలు ఎవరిని అడిగి పోశారు? కౌంటరు వెనుక ఉన్న వ్యక్తి మీ బాబు కనురెప్ప కిందికి లాగి చూశాడా? జలుబు మందుల సంగతీ అంతే. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే ఆదేశించింది. అయినా ఏడాది పిల్లల తల్లుల సంచుల్లో ఆ సీసాలు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. అసలు మీ బాబుకు బరువు మందు అవసరమే లేదు. నాలుగేళ్లకు 15 కిలోలు మామూలు బరువే. ఈ వయసులో ఏడాదికి రెండు కిలోలు పెరిగితే చాలు. పక్కింటి బాబుతో పోల్చి చూడకండి.

ఈ వారంలోనే పిల్లల వైద్యుడికి చూపించండి. రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో అయినా, మీకు దగ్గరలో ఎక్కడైనా సరే. సాధారణంగా సీబీసీ (రక్తకణాల లెక్క), అవసరాన్ని బట్టి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష చేయిస్తారు. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాము. గోడకు పాత రంగులు ఉంటే ఆ విషయం తప్పక చెప్పండి, వాటిలో సీసం (లెడ్) ఉండవచ్చు కాబట్టి రక్తంలో సీసం పరీక్ష కూడా అవసరం కావచ్చు. నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. ఇది చదివి మీరే ఐరన్ సిరప్ కొనవద్దు. తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) లాంటి వాటిలోనూ హిమోగ్లోబిన్ తగ్గుతుంది, అక్కడ చికిత్స వేరు. పైగా ఐరన్ మోతాదు మించితే చిన్న పిల్లలకు ప్రాణాపాయం. డాక్టర్ రాసి ఇచ్చాక కూడా సీసాను బాబుకు అందని చోట పెట్టండి, పాలతో కలిపి ఇవ్వకండి. ఇనుము లోపమే అయితే చాలామంది పిల్లల్లో సున్నం మీద యావ కొన్ని వారాల్లో తగ్గుతుంది. అంతమాత్రాన మందు మధ్యలో ఆపకూడదు. బాబు బాగా పాలిపోయినా, ఆయాసపడినా, మలంలో రక్తం కనిపించినా వారం ఆగకుండా వెంటనే తీసుకువెళ్లండి.

పెంపకం గురించి అడిగారు. అందరికీ పనికివచ్చే పద్ధతి ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకే తల్లి పెంచిన ఇద్దరు పిల్లలే ఒకేలా ఉండరు. వేళకు నిద్ర (ఈ వయసుకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు), వేళకు టీకాలు, ఇంట్లో అందరితో కూర్చుని తినడం, రోజూ ఆరుబయట ఆట, కొట్టకుండా చెప్పే పెద్దవాళ్లు. వీటిని మాత్రం ధైర్యంగా సిఫారసు చేయగలను. ఫోను రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భోజనం దగ్గర అసలే వద్దు. మొదటి వారం ఏడుస్తాడు, తక్కువ తింటాడు. కంగారుపడి మళ్లీ పాలగ్లాసు అందించకండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ ఆకలి మందు సీసా, టీకాల కార్డు రెండూ వెంట తీసుకువెళ్లండి. అయిదేళ్లు నిండాక వేయించవలసిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ తేదీ కూడా అప్పుడే రాయించుకోండి.