మా అమ్మాయి మిండీ కేలింగ్ అవుతానంటోంది

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్. లెక్కల్లో చురుకైన పిల్లే. కానీ కంప్యూటర్ సైన్స్ వద్దంటోంది, టీవీకి రాస్తాను, నటిస్తాను అంటోంది. న్యూయార్క్‌లో పేరున్న ఫిల్మ్ స్కూల్‌కి అప్లై చేస్తుందట. కాదంటే, అమెరికన్ టీవీకి రాస్తూ నటించే మిండీ కేలింగ్ కూడా ఇండియన్ అమ్మాయే కదా అని ఎదురు చెబుతోంది. వాళ్ల నాన్న దానితో మాట్లాడటం మానేశారు. రెండు దారులనూ పోల్చి చెప్పగలరు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఊళ్లూ పేర్లూ మారతాయి గానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. అందరూ "పోల్చి చెప్పండి" అనే రాస్తారు. అడగాలనుకునేది మాత్రం "మా పిల్ల రోడ్డున పడదు కదా?" అని. పడదు. లెక్కలూ వచ్చి, రాయడమూ వచ్చిన పిల్లకు బతుకుతెరువు దొరక్కపోదు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. కాలేజీ సీటుకు కావలసిన జీపీఏలు, ఎస్ఏటీలు, ఎస్సేల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఎడిసన్‌లో ఏ తల్లిని కదిపినా గడగడా చెబుతుంది.

మీ అమ్మాయి చూపిస్తున్న మనిషినే కాస్త దగ్గరగా చూద్దాం. మిండీ కేలింగ్ 1979లో మసాచుసెట్స్‌లో పుట్టారు. తండ్రి తమిళుడు, ఆర్కిటెక్ట్. తల్లి బెంగాలీ, గైనకాలజిస్టు. డార్ట్‌మౌత్ కాలేజీలో నాటక రచన చదివి 2001లో బయటికొచ్చారు. అక్కడున్నన్నాళ్లూ కాలేజీ పేపర్‌కు కార్టూన్లు వేశారు, హాస్య నాటక బృందంతో స్టేజీ ఎక్కారు. తర్వాత న్యూయార్క్ వచ్చి స్నేహితురాళ్లతో ఇల్లు పంచుకుంటూ బేబీ సిట్టింగ్ చేశారు, ఒక టీవీ షోలో ప్రొడక్షన్ అసిస్టెంటుగా పనిచేశారు. ఆ రోజుల్లోనే బ్రెండా విదర్స్ అనే స్నేహితురాలితో కలిసి ఒక నాటకం రాసి, 2002లో న్యూయార్క్ ఫ్రింజ్ ఫెస్టివల్ అనే నాటకోత్సవంలో వేశారు. అందులో ఇద్దరమ్మాయిలవీ మగవేషాలే, అదీ హాలీవుడ్ హీరోలవి. బ్రెండా మ్యాట్ డేమన్, మిండీ బెన్ ఆఫ్లెక్.

ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. బెన్ ఆఫ్లెక్ వేషానికి ఒక ఇండియన్ అమ్మాయిని ఏ డైరెక్టరైనా పిలుస్తాడా? కలలో కూడా పిలవడు. ఆమె వేషం ఆమే రాసుకున్నారు. 'ది ఆఫీస్' అనే కామెడీ సీరియల్‌లోకి 24 ఏళ్ల వయసులో వెళ్లింది కూడా ముందు రచయితగానే. ఎనిమిదిమంది ఉన్న ఆ రచయితల గదిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. తెరమీద ఆమె వేసిన కెల్లీ కపూర్ మొదట్లో చిన్న పాత్ర. 2006లో దీపావళి మీద ఒక ఎపిసోడ్ రాసి, కెల్లీ అమ్మానాన్నలుగా సొంత అమ్మానాన్నలనే నటింపజేశారు. 2010లో రచనకే ఎమ్మీ టీవీ అవార్డు నామినేషన్ వచ్చింది. 2012లో తన పేరుతోనే సొంత సీరియల్ మొదలైంది. అందులో ఆమెది గైనకాలజిస్టు పాత్ర, అమ్మ వృత్తే. తల్లి మాత్రం అది చూడకుండా ఆ ఏడాది జనవరిలోనే క్యాన్సర్‌తో పోయారు. మూడు సీజన్లయ్యాక ఫాక్స్ చానల్ ఆ సీరియల్‌ను వదిలేస్తే హులు అనే ఓటీటీ తీసుకుంది, 2017 దాకా నడిచింది.

నటన మాత్రమే నమ్ముకుంటే లెక్క వేరు. 2020లో ఆమె లాంగ్ ఫిషర్ అనే రచయిత్రితో కలిసి సృష్టించిన 'నెవర్ హావ్ ఐ ఎవర్' సీరియల్‌లో హీరోయిన్ కోసం బహిరంగంగా ప్రకటన ఇస్తే 15 వేలమంది దరఖాస్తు చేశారు. ఎంపికైంది ఒక్కరు, కెనడా అమ్మాయి మైత్రేయి రామకృష్ణన్. అమెరికా నటుల సంఘం ఆరోగ్య బీమాకు అర్హత రావాలంటే 2023లో ఏడాదికి 26 వేల డాలర్ల పైచిలుకు నటన మీద సంపాదించాలి. సభ్యుల్లో ఎక్కువమంది ఆ మెట్టు ఎక్కలేదు. అదే ఏడాది రచయితలు మే నుంచి సెప్టెంబరు దాకా సమ్మెలో ఉన్నారు. ఈ మాటలు మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి.

ఇక ఫిల్మ్ స్కూల్. ఈమధ్య ఇది పెద్ద ఫ్యాషనైపోయింది. నాకు మాత్రం దీనిమీద బోలెడు అనుమానాలున్నాయి. న్యూయార్క్‌లోని పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతోంది. నాలుగేళ్లకు మూడున్నర లక్షల పైమాటే. రాసేవాళ్లకు మొదట దొరికేది రచయితల గదిలో కాఫీలు తెచ్చి, నోట్సు రాసుకునే అసిస్టెంటు ఉద్యోగం. ఆ జీతంతో న్యూయార్క్‌లోనో లాస్ ఏంజిలిస్‌లోనో అద్దె కట్టడమే గగనం, నెలనెలా అప్పు కూడా తీర్చాలంటే ఎక్కడినుంచి వస్తుంది? అప్పున్న పిల్ల రెండో ఏటికే దొరికిన ఉద్యోగంలో చేరిపోతుంది, రాయడం మానేస్తుంది. ఆ స్కూళ్లలో పరిచయాలు దొరుకుతాయంటారు, నిజమే. కానీ కేలింగ్ ఫిల్మ్ స్కూల్‌కి వెళ్లలేదు, ఆమెకు దారి చూపిన పరిచయం డార్ట్‌మౌత్‌లో తోటి విద్యార్థిని బ్రెండాయే. డార్ట్‌మౌత్ చవకైన కాలేజీ అని కాదు నా ఉద్దేశం. డాక్టరమ్మ కూతురికి వెనక కొంత ఆసరా ఉండే ఉంటుంది, అదీ దాచకూడదు.

మీ ఇంటి పక్కనే రట్గర్స్ యూనివర్సిటీ ఉంది. న్యూజెర్సీ వాళ్లకు హాస్టల్‌తో కలిపినా ఆ 90 వేలల్లో సగం కూడా కాదు. థియేటర్ ఉంది, క్రియేటివ్ రైటింగ్ ఉంది, న్యూయార్క్‌కి రైలుంది. కావాలంటే పక్కన రెండు కంప్యూటర్ కోర్సులు కూడా చేసుకోవచ్చు.

మీకు కోపం వచ్చినా ఒక మాట అంటాను. మనం అరంగేట్రానికి హాలు బుక్ చేసి, ఆర్కెస్ట్రాను పిలిపించి, రిటర్న్ గిఫ్టులతో సహా వేల డాలర్లు ఖర్చు పెడతాం. తానా సభల్లో పిల్ల స్కిట్ వేస్తే ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తాం. అదే పిల్ల "ఇదే నా పని" అంటే ఇంట్లో మాటలు బంద్! మీ ఉత్తరంలో కాలేజీ ఉంది, మీవారి అలక ఉంది. మీ అమ్మాయి ఇప్పటిదాకా ఏం రాసిందో ఒక్క ముక్క లేదు. ఎప్పుడైనా అడిగి చదివారా? అసలు ఏమీ రాయకుండా టీవీ అంటోందా? అలాగైతే నా జవాబే మారిపోతుంది.

పోలిక అడిగారు కదా. కంప్యూటర్ సైన్స్ కూడా ఇప్పుడు రాసిపెట్టిన ఉద్యోగమేమీ కాదు. 2022 నవంబరులో మెటా 11 వేలమందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని తీసేశాయి. ఆ ఇళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారని మీకు తెలుసు. నా దృష్టిలో అసలు తేడా మీరు రాయని చోట ఉంది. మీ అమ్మాయి అమెరికా సిటిజనా, హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల పిల్లలకిచ్చే వీసా మీద ఉందా? కేలింగ్ అమెరికాలో పుట్టారు, బేబీ సిట్టింగ్ చేస్తూ నాటకాలు వేసుకున్నా వీసా అడిగేవాళ్లు లేరు. హెచ్4 పిల్లకు 21 నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్1 స్టూడెంట్ వీసాలోకి మారాలి. చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ, నాటక రచనకు 12 నెలలే. కంప్యూటర్ సైన్స్‌కు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కింద ఇంకో 24 నెలలు కలుస్తాయి. నెలకో షోలో చేసే అసిస్టెంటు పనికి హెచ్1బీ స్పాన్సర్ దొరకడం చాలా కష్టం. సిటిజన్ అయితే మీ భయాల్లో సగం అక్కర్లేనివే. హెచ్4 అయితే రెండు సబ్జెక్టులూ కలిపి చదివే డబుల్ మేజర్ సంగతి సీరియస్‌గా చూడాలి.

ఏ వీసా మీద ఉందో, అప్పు చేయకుండా నాలుగేళ్లకు ఎంత పెట్టగలరో రాసి పంపండి, కాలేజీల లిస్టు అప్పుడు చూద్దాం. ఈసారి ఉత్తరం వాళ్ల నాన్నగారిని రాయమనండి.